పుష్పాబాయి అన్నది ఇవే మాటలు

14 జూన్ 1992, మిర్యాలగూడ

ఈ రోజు ఎడమ చేత్తో చొక్కా గుండీ పెట్టుకున్నాను. ఒక్క గుండీకి పద్దెనిమిది రోజులు పట్టింది.

మే 27న బస్టాండులో పడిపోయాను. హాలియా బస్సు కోసం నిలబడి ఉంటే ఎడమ చెయ్యి నాది కానట్టయింది. సంచి జారింది. వంగి తీసుకోబోతే నేనే జారాను. పక్షవాతం అన్నారు. నలభై ఆరేళ్లకే వచ్చినా తేలిగ్గా వదిలిపెట్టిందని చూడవచ్చిన ప్రతివాడూ అంటున్నాడు. నడుస్తున్నాను, తింటున్నాను. మాట ఒక్కటి కూడా పోలేదు. అది చాలు నాకు. మాట మీదే కదా నా బతుకు. బడిలో సోషల్ పాఠం, కోర్టులో దుబాసీ పని. పన్నెండేళ్లుగా మా లంబాడీవాళ్లు ఎవరు సాక్ష్యానికి బోనెక్కినా వాళ్ల మాటను తెలుగు చేయడానికి నన్నే పిలుస్తారు. రాందాస్ చెప్తే సాక్షి చెప్పినట్టే అని పేరు.

ఈ పుస్తకం తార ఇచ్చింది. "ఊకె మంచంల పండుకునుడేంది బాపూ, ఏదన్న రాసుకో" అన్నది. పదిహేడేళ్ల పిల్ల, తల్లికన్నా ఎక్కువ అజమాయిషీ. ఇంట్లో మాట్లాడుకునేది మా భాష. దానికి సొంత లిపి లేదు. రాయబోతే తెలుగే వస్తుంది.

ఒక్కటే చిరాకు. ఈ మధ్య రేడియోలో వార్తలు బొత్తిగా చప్పగా చదువుతున్నారు. జీతాలు ఎక్కువై శ్రద్ధ తగ్గింది.

20 జూన్

నీలా స్టవ్వు మీద పాలు పెట్టి, చూస్తుండమని చెప్పి నీళ్లకు పోయింది. పేపరు చదువుతూ మరిచిపోయాను. అన్నీ పొంగిపోయాయి. వచ్చి చూసి, "శానా మంచిగ సూసినవ్. రోజూ గిట్లనే సూడు" అన్నది.

"సరే" అన్నాను.

అప్పటినుంచి మాట్లాడడం లేదు. మధ్యాహ్నం అన్నం తార పెట్టింది. ఇరవై రెండేళ్ల కాపురం తరువాత నీలాకు ఇదేం బుద్ధి పుట్టిందో.

3 జూలై

సూర్యాపేట పోయి వచ్చాం, తార, నేను. ఈ డాక్టరు కొత్తవాడు, కోదాడ అతను, హైదరాబాదులో పెద్ద చదువు చదివాడట. చేతులూ కాళ్లూ చూసి బాగుందన్నాడు. లేవబోతుంటే తార అడ్డం పడింది.

"డాక్టర్ సాబ్, బాపు మాట మంచిగనే ఉంది. గొంతే... ఎట్ల చెప్పాలె... మార్కెట్ల ధరలు చదివినట్టుంటది. కోపమొచ్చినా గంతే, సంబురమైనా గంతే. మేం అన్నది గూడ ఇంకోతీరుగ తీసుకుంటున్నడు."

డాక్టరు నన్ను గోడవైపు తిరిగి కూర్చోమన్నాడు. వెనక నిలబడి "బస్సు వచ్చింది" అన్నాడు. అలా పదిసార్లు అన్నాడు. ఒకసారి కోపంగా, ఒకసారి సంతోషంగా, ఒకసారి అడుగుతున్నట్టుగా అన్నాడట. ఏది ఏదో చెప్పమన్నాడు. నాకు పదిసార్లూ బస్సు వచ్చింది, అంతే. గుడ్డిగా చెబితే రెండు సరిపోయాయి.

అతను కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు. "మాస్టారూ, మాటకి అర్థం తీసేది చాలావరకు మెదడులో ఎడమ పక్కండి. ఆ మాట ఏ గొంతుతో అన్నారు, ప్రేమగానా, ఎత్తిపొడుస్తూనా అన్నది పసిగట్టేది ఎక్కువగా కుడి పక్క. మీకు రక్తం ఆగిపోయింది కుడి పక్కనే. ఎడమ చెయ్యి పడిపోయింది అందుకే. చెయ్యి తిరిగి వచ్చింది, ఇది రాలేదు."

"అందరికీ అంతేనా?" అన్నాను. ఏదో ఒకటి అడగాలి కదా.

"చైనావాళ్లకి రాగం మారితే మాటే మారిపోద్ది. గుర్రం అనబోయి అమ్మ అన్నట్టవుద్ది. ఆ రాగాన్ని వాళ్లు ఎడమ పక్కతోనే పట్టుకుంటారని చదివానండి, అది మాటలో భాగం కాబట్టి. మనకి రాగం మాట కాదు, మనిషి మనసు. అదీ తేడా."

"తిరిగి వస్తుందా?"

"కొందరికి కొంత వస్తది. చెప్పలేం. ముఖం చూస్తూ వినండి, ముఖంలో దొరుకుద్ది. ముఖం కనబడకపోతే మాత్రం మీ చెవిని నమ్మకండి. ఎదుటివాళ్లనే అడగండి."

బస్సులో తారతో ఒట్టు వేయించుకున్నాను. ఇంట్లో గాని, బడిలో గాని ఎవ్వరికీ చెప్పకూడదు.

4 జూలై

కుర్ర డాక్టరు. దీనికి బిళ్ల కూడా రాయలేదు. బిళ్ల లేని రోగం రోగమే కాదు.

19 జూలై

నీలా తల్లి పోయింది. చిలుకూరు పక్క తండా. కోదాడలో బస్సు దిగి ఆటోలో పోయేసరికి వాకిట్లో జనం. ఆ ముసలామె నన్ను కొడుకులకన్నా ఎక్కువగా చూసింది. నేను టీచర్ ట్రైనింగు చదివే రోజుల్లో తన కాళ్ల కడియాలు అమ్మి ఫీజు కట్టింది. అప్పటికి మా పెళ్లి మాట కూడా లేదు. శవాన్ని చూడగానే గుండెలో ఏదో తెగింది. నా బావమరిది హన్మా వచ్చి భుజం పట్టుకున్నాడు. నేనన్నాను: "అమ్మ పోయిందా. ఎన్ని గంటలకు?"

అంతే అన్నాను. హన్మా చెయ్యి తీసేశాడు.

"బావా, మాయమ్మ సచ్చిపోయిందంటే బస్సు టైము అడిగినట్టు అడుగుతవేంది?"

లోపల నేను వలవలా ఏడుస్తున్నాను. అది బయటికి రావడానికి దారి లేదు. ఇంకో నాలుగు మాటలు చెప్పబోయాను, ఆమె ఎంత మంచిదో చెప్పాలని. చెప్పినకొద్దీ జనం మొహాలు తిప్పుకున్నారు. కోదాడ బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాక నీలా అన్నది: "నా తల్లి అంటే నీకెన్నడు లెక్క లేకుండె. ఇయ్యాల బయటవడ్డది." ముఖం చూశాను. కోపమే. దానికి చెవి అక్కరలేదు.

తార నావైపు చూసింది. చెప్పమన్నట్టు. నేను కిటికీలోంచి బయటకు చూశాను.

2 ఆగస్టు

హెడ్మాస్టరు సత్యానందం ఇరవై ఏళ్ల స్నేహితుడు. తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"రాందాస్, ఏమనుకోకు. పిల్లలు నీ గొంతు అనుకరించి నవ్వుకుంటున్నరు."

"పిల్లలన్నాక నవ్వుతారు."

"అది కాదు. నీ మాట పోలే, మరేదో పోయింది. అదేందో నాకు తెలుస్తలేదు గాని, పోయింది. కొన్నాళ్లు ఆ కోర్టు పని బంద్ చెయ్."

ఇతనూ మొదలుపెట్టాడు. పాఠం చెప్పడానికి పనికొస్తాను గాని, రెండు మాటలు ఇటునుంచి అటు మార్చడానికి పనికిరానా?

24 ఆగస్టు

కోర్టు నుంచి పిలుపు వచ్చింది, 27వ తేదీకి. బంట్రోతు స్వయంగా ఇంటికి వచ్చి కాగితం ఇచ్చి, "మీరు లేకుంటే ఎట్లయితది సార్" అన్నాడు. ఎంత మర్యాద. మూడు నెలల్లో నన్ను మనిషిగా చూసింది ఇతనొక్కడే.

కేసు నాకు తెలుసు. తావుర్యా చావు. పోయిన ఏడు కాలువ తూము దగ్గర, తెల్లవారగానే, నీటి వంతు మీద తగాదా. కాశీరాం పార తిప్పి కొట్టాడు, తావుర్యా అక్కడికక్కడే పోయాడు. చూసింది ఇద్దరు: సద్ది తీసుకుపోతున్న తావుర్యా భార్య పుష్పాబాయి, పక్క పొలం మల్సూర్. మల్సూర్ పోయిన నెలలోనే నాకేం తెలియదని బోనులో చెప్పి దిగిపోయాడు. ఇక ఆమె ఒక్కతే.

తార కాగితం చూసి, "బాపూ, పోకు" అన్నది. "డాక్టరు ఏమన్నడు?"

"మాటలకు అర్థం తెలుసా లేదా నాకు?" అన్నాను.

27 ఆగస్టు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పుష్పాబాయికి బజారు తెలుగు వస్తుంది. కోర్టు తెలుగు రాదు. మా భాషలోనే చెప్తానన్నది. బోనెక్కగానే కొంగు గడ్డం దాకా లాక్కున్నది. పెద్దమనుషుల ముందు మావాళ్ల అలవాటు అది. ముక్కుపుడక కూడా కనబడలేదు. గొంతు సన్నగా, గొణిగినట్టు వస్తున్నది.

పబ్లిక్ ప్రాసిక్యూటరు అడిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. సద్ది తీసుకుపోయాను, కేక విన్నాను, కాశీరాం పార ఎత్తడం చూశాను అన్నది. నేను తెలుగు చేశాను.

తరువాత కాశీరాం తరఫు లాయరు లేచాడు. గంటసేపు తిప్పితిప్పి అడిగాడు. సద్దిలో ఏముంది, ఎన్ని అడుగుల దూరం, మొగుడితో నీకు పడేదా, అంత పొద్దున్నే ఎందుకు పోయినవ్. చివరికి అన్నాడు: "నువ్వు ఆ పొద్దు తూము కాడికి పోనేలేదు. ఇంట్ల నిద్రపోయినవ్. కాశీరాం ఏం చెయ్యలేదు. అవునా?"

ఆమె అన్నది: "అవును. పోలే. ఇంట్లనే పండుకున్న. కాశీరాం ఏం చెయ్యలే."

నేను చెప్పాను: "అవును, పోలేదు. ఇంట్లోనే పడుకున్నాను. కాశీరాం ఏమీ చేయలేదు."

జడ్జిగారు రాస్తున్న కలం ఆపారు. ఆమెవైపు చూశారు. కొంగు తప్ప ఏముంది చూడడానికి. నావైపు తిరిగి అడిగారు: "దుబాసీగారూ, ఈమె నిజంగానే అంటున్నదా, ఎత్తిపొడుస్తున్నదా? మీ భాష, మీకు తెలుస్తుంది."

అందరూ నావైపు చూశారు.

"నిజంగానే అంటున్నదండి" అన్నాను.

ప్రాసిక్యూటరు మళ్లీ లేచి, ఇందాక చూశానన్నావు కదా, ఏది నిజం అని అడిగాడు. ఆమె, "చెప్పింది చెప్పిన. ఎన్నిసార్లు చెప్పాలె" అన్నది. అదీ తెలుగు చేశాను. వాంగ్మూలం చదివి వినిపించాను. ఇవే మాటలా అంటే ఇవే మాటలు అన్నది. వేలిముద్ర వేసింది.

ఒక్క మాట తప్పిపోలేదు. కావాలంటే ఎవరైనా చూసుకోవచ్చు.

28 ఆగస్టు

బాగా నిద్ర పట్టింది.

30 ఆగస్టు

నిద్ర పట్టిందని రాశాను. పట్టలేదు.

11 సెప్టెంబరు

కాశీరాంను వదిలేశారు. కళ్లతో చూసిన సాక్షే చూడలేదన్నాక మిగిలింది ఏమీ లేదని తీర్పు. బడిలో అటెండరు చెప్పాడు. నాలుగో పీరియడు పానిపట్టు యుద్ధం చెప్పాలి. చెప్పాను.

12 సెప్టెంబరు

ఉదయం ఏడింటికి పుష్పాబాయి మా వాకిట్లో నిలబడింది. ఈసారి కొంగు లేదు. చుట్టుపక్కలవాళ్లు తలుపులు తీసుకుని వచ్చారు.

"ఎంత పెద్దమనిషివన్నా! ఎంత మంచిగ చెప్పినవ్ నా మాట! ఒక్క మాట పోనియ్యలే. నీ పిల్లలు సల్లగుండాలె!"

ముఖం చూశాను. డాక్టరు చెప్పినట్టే ముఖంలో దొరికింది. ఆ కళ్లు చూశాక మిగతాది దానంతట అదే అర్థమైంది. బోనులో కొంగు కింద ఈ ముఖమే ఉండి ఉంటుంది.

"నేను పోలేదంట, పండుకున్ననంట!" అని ఆమె తారవైపు తిరిగింది. "నా మొగని నెత్తి పగిలిన నెత్తురు నా చీర మీద పడ్డది. ఆ లాయరు గంటసేపు నన్ను సతాయించి, నువ్వు పండుకున్నవ్ అంటే, కడుపు మండి అన్న బిడ్డా. అవునయ్యా, పండుకున్న, నువ్వే చూసినవ్ అన్నట్టన్న. మా మనిషి పక్కనే ఉండె గదా, ఆయన జడ్జికి చెప్తడనుకున్న."

నేను అన్నాను: "పుష్పాబాయీ, నాకు చాలా బాధగా ఉంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసి వాకిట్లో ఉమ్మేసింది. వెళ్లిపోయింది.

నీలా లోపలికి లాగి తలుపు వేసింది. "ఎంతకు అమ్ముకున్నవ్ చెప్పు. నాకన్న చెప్పు."

అప్పుడు తార ఒట్టు తీసి గట్టున పెట్టింది. సూర్యాపేట, డాక్టరు, కుడి పక్క, పదిసార్లు బస్సు, అంతా చెప్పేసింది. నీలా అక్కడే నేల మీద కూర్చుంది. "అయితే మాయమ్మ పోయినప్పుడు...?" అన్నది.

"ఏడ్చాను నీలా. లోపల."

"మరి నాకెందుకు చెప్పలే?"

13 సెప్టెంబరు

నీలాకు జవాబు ఇంకా చెప్పలేదు.

20 సెప్టెంబరు

కూరగాయల మార్కెట్టులో కాశీరాం ఎదురొచ్చాడు. పదిమంది చూస్తుండగా వంగి రెండు చేతులు జోడించాడు. "నీ మేలు మరువనన్నా. నా పిల్లలు నీ పేరు చెప్పుకుంటరు." పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. నిజంగా కృతజ్ఞతతోనే అన్నాడో, జనం ముందు నన్ను నాశనం చేయాలనే అన్నాడో తెలియలేదు. నవ్వులో రెండూ ఒక్కలాగే ఉంటాయి. తెలిసినా చేసేదేముంది? చేయాల్సింది వంకాయలు తూకం వేయించుకున్నవాళ్లే చేశారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, రాందాస్ ముడుపు తిన్నాడని.

23 సెప్టెంబరు

సత్యానందం అడిగాడు. అడగడని అనుకున్నాను. "తిన్నవా?" అన్నాడు. "లేదు" అన్నాను. ఆ "లేదు" నా చెవికి బాగానే వినబడింది. అతనికి ఎలా వినబడిందో, టేబులు మీద కాగితాలు సర్దుకున్నాడు. డాక్టరు సంగతి చెప్పాను. నమ్మాడో లేదో గాని, "నేను చెప్పిన గదా రాందాస్" అని మాత్రం అన్నాడు.

నిజం చెప్పేవాడి గొంతు ఎలా ఉండాలో అందరికీ తెలుసు. నాది అలా లేదు.

4 అక్టోబరు

పుష్పాబాయి సూర్యాపేటలో లాయరు వీరేశంను పట్టుకుంది. అతను నన్ను పిలిపించాడు.

"పైకోర్టుకు పోవాలె. తొంభై దినాల గడువు. మాటలన్నీ సరిగ్గనే ఉన్నయ్, ఆమె గూడ ఇవే మాటలన్నది. తప్పు ఎక్కడ జరిగిందో మీరు తప్ప ఎవరు చెప్పలేరు. మీరే అఫిడవిట్ రాసియ్యాలె. రోగం ఎప్పుడు తెలిసింది మీకు?"

"తీర్పు వచ్చాక" అన్నాను. "అనుమానం వచ్చి డాక్టరు దగ్గరికి పోతే అప్పుడు తెలిసింది."

"అయితే మీకేం డోకా లేదు. ముందే తెలిసి నిలబడ్డరంటే నౌకరీ పోతది, కేసు గూడ అయితది. తెల్వకుండ జరిగింది గదా, రాయండి."

రాశాను. సంతకం చేయలేదు, స్టాంపు కాగితం మీద టైపు కావాలట. ఇంటికి వచ్చి ఈ పుస్తకంలో జూలై పేజీలు తీశాను. 3వ తేదీ, 4వ తేదీ. రెండు ఆకులు. చింపితే కుట్టు వదులై వెనక ఆకులు కూడా ఊడి వస్తాయి.

11 అక్టోబరు

పుష్పాబాయి ఇప్పుడు మిర్యాలగూడలోనే రైసు మిల్లులో కూలి. తూము పక్క పొలం బీడు పెట్టింది, అక్కడికి పోవాలంటే కాశీరాం వాకిలి దాటాలి. మిల్లుకు పోయాను. ఎండలో ఉడకవడ్లు ఆరబోసిన కళ్లం మీద ఆడవాళ్లు కాళ్లతో తిరగేస్తున్నారు. నేను గట్టు మీద నిలబడి రోగం సంగతంతా చెప్పాను. చెప్పినంతసేపూ ఆమె పని ఆపలేదు.

చివరికి ఆగింది. వెనక్కి తిరిగి కొంగు ముఖం మీదికి లాక్కుంది. మా భాషలో అన్నది: "కాశీరాం నాకు అన్నసొంటోడు."

కొంచెం ఆగి మళ్లీ అదే అన్నది. మూడోసారి కూడా అన్నది.

"చెప్పు. ఇందుల ఏది నిజంగ అన్న?"

చెవులు రిక్కించి విన్నాను. దేవుడి సాక్షిగా విన్నాను. రెండోసారి కొంచెం మెల్లగా అన్నట్టు అనిపించింది.

"రెండోది."

పక్కన వడ్లు తిరగేస్తున్న సత్తెమ్మ అనే ముసలామె నోటిమీద చెయ్యి వేసుకుంది. ఆమెది తెలుగు, మా భాష ఒక్క ముక్క రాదు. "ఓరి నాయనో! ఏమన్నదో నాకు తెల్వదు గాని, మూడుసార్లు తిట్టిందయ్యా ఆమె!" అన్నది.

పుష్పాబాయి కొంగు తీసింది. మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూసింది.

"మూడు సార్లు ఎత్తిపొడుపే అన్న. ఒక్కటి గూడ నిజం కాదు. నువ్వు పైసలు తిన్నవనుకున్న. తినలే. నమ్మిన."

గట్టు మీద కూర్చున్నాను. నెల రోజుల్లో ఇంటి బయట నన్ను నమ్మిన మొదటి మనిషి.

"ఈ రోగం సంగతి నీకెప్పుడు తెలుసు?"

వీరేశంకు చెప్పిన జవాబు నోటిదాకా వచ్చింది. ఆమె ఎదురుగా నిలబడి ఉంది, కాళ్లకు వడ్ల పొట్టు అంటుకుని.

"జూలైలో" అన్నాను.

"నా సాక్ష్యమెప్పుడు?"

"ఆగస్టు."

వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒక్క వేలే కదా. "జడ్జి అడిగిండు గదన్నా నిన్ను. నిజంగ అంటున్నదా, ఎత్తిపొడుస్తున్నదా అని. వీరేశం సార్ చెప్పిండు. అప్పుడు తెల్వదంటే నీకేం పోతుండె?"

పోయేదేమిటో నాకు తెలుసు. పన్నెండేళ్ల పేరు. బంట్రోతు ఇంటికి రావడం. హాల్లో అందరూ నావైపు చూసిన ఆ ఒక్క క్షణం. ఒక మనిషి చావు పక్కన పెట్టి చూస్తే ఇవి ఎంత ఉంటాయో ఆమె ముందు చెప్పలేకపోయాను.

ఆమె మళ్లీ వడ్లలోకి దిగింది. మాఫీ చెయ్యమని అడగాలని పోయినవాణ్ని. అడగలేదు.

12 అక్టోబరు

జూలై పేజీలు చింపలేదు. వీరేశంకు కబురు పంపాను, రాసింది పారేయమని. మళ్లీ రాస్తాను.

13 అక్టోబరు

నీలాతో చెప్పాను. నౌకరీ పోతుందన్నాను.

"పోనియ్" అన్నది. ముఖం చూడబోయాను. పొయ్యివైపు తిరిగి ఉంది. "నీలా, ఇటు తిరిగి చెప్పు" అన్నాను. ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పోనియ్" అని మళ్లీ అన్నది.

25 అక్టోబరు

వీరేశం గుమాస్తా టైపు కాగితాలు తెచ్చాడు. వెంట పుష్పాబాయి వచ్చింది. అందులో ఏముందో తన భాషలో వినందే ఒప్పుకోనన్నదట. చాప వేశాం. నేను కళ్లద్దాలు పెట్టుకుని మొదటి వాక్యం చెప్పబోయాను.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వొద్దన్నా. నీ బిడ్డ చెప్తది."

తార నావైపు చూసింది. కాగితాలు ఇచ్చాను. నా తప్పును నా కూతురు నా భాషలోకి మార్చి చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను. జూలై 3న సూర్యాపేటలో డాక్టరు నాకు స్పష్టంగా చెప్పెను. నా కుమార్తె వెళ్లవద్దని వారించినది. జడ్జిగారు అడిగినప్పుడు సాక్షి ఏ ఉద్దేశంతో అన్నదో నాకు తెలియలేదు. తెలిసినట్టు జవాబు చెప్పితిని. తెలియదని చెప్పుటకు సిగ్గుపడితిని.

అక్కడ తార ఆగింది. నాకు కారణం తెలియలేదు. వినడానికి అంతవరకూ ఒకేలా ఉంది. తల ఎత్తి చూస్తే చెంపలు తడిసి ఉన్నాయి.

"చెప్పు బిడ్డా" అన్నది పుష్పాబాయి.

అంతా అయ్యాక సంతకం చేశాను. కుడి చెయ్యే కదా, ఏ వణుకూ లేదు. గుమాస్తా కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. పుష్పాబాయి లేచి, గడప దగ్గర నిలబడి, నన్ను కాదు, తారను అడిగింది: "మీ బాపు మనసుల నుంచే రాసిండా?"

"ఆ. మనసుల నుంచే రాసిండు" అన్నది తార.

అప్పుడు తార వీపు నావైపు ఉంది. చాప చుడుతున్నది. పుష్పాబాయి ఆ మాట విని, కొంచెం ఆగి, తల ఊపి వెళ్లిపోయింది.

9 మార్చి 1994

పదహారు నెలల తరువాత ఈ పుస్తకం తీశాను.

పైకోర్టు మళ్లీ విచారించమంది. దేవరకొండ నుంచి వేరే దుబాసీని పిలిపించారు. పుష్పాబాయి ఈసారి కొంగు వేసుకోలేదట, వీరేశం చెప్పాడు. నిన్న తీర్పు. కాశీరాంకు ఏడేళ్లు. ఆమె కోర్టు మెట్లు దిగుతుంటే నేను వేపచెట్టు కింద ఉన్నాను. నన్ను చూసింది. ఒక్క మాట అనలేదు. అందుకు ఆమెకు రుణపడి ఉంటాను. అని ఉంటే దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు.

నౌకరీ పోలేదు. సస్పెన్షను అయ్యాక, పిల్లలకు పాఠం చెప్పని గుమాస్తా పనికి హాలియా వేశారు. రోజంతా కాగితాలే, కాగితాలకు గొంతు ఉండదు. డాక్టరు అన్న ఆ కొంచెం కూడా తిరిగి రాలేదు. నీలా నాతో మాట్లాడాల్సి వస్తే ఎదురుగా వచ్చి కూర్చుని మాట్లాడుతుంది. కోపమైతే కోపమని చెప్పి మరీ తిడుతుంది.

తార డిగ్రీలో చేరింది. ఆ రోజు చాప చుడుతూ పుష్పాబాయికి చెప్పిన ఆ రెండు మాటలు నాకు ఇప్పటికీ కంఠస్థమే. ఎలా అన్నదో అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే చెప్తుంది. నాకు బాధ కలగకుండానే చెప్తుంది. అందుకే అడగలేదు.